కానుకగా నిచ్చిన రేవు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామవృద్ధుల నుద్దేశించి యొక యోడరేవును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. మన యూళ్ళకు సముద్రము ఇన్నూరు మైళ్ళకు తక్కువ దూరమున లేదు. మనలో పెక్కుమందికి నీరనగా చెఱువు నీరే, అల యనగా చెఱువుకట్టను దాకెడు చిన్న యలయే. అయినను మన యిండ్లలోని పడుచువాండ్రు దుబాయి మొదలగు దేశములకు బోయి, సముద్రమును త్రవ్వి కట్టిన రేవులలో కూలిపని చేసి, డబ్బు పంపుచున్నారు. కావున రేవు మనకు బొత్తిగా పరాయిది కాదు. అదియునుగాక, నేను చెప్పబోవు కథ రేవుతో మొదలై మన మానేటి యొడ్డున ముగియును. అంతవఱకు ఓపికతో వినగోరుచున్నాను.

రెండవ ప్రపంచయుద్ధము ముగియవచ్చిన కాలమున ఆంగ్లేయుల ప్రధానమంత్రి చర్చిలు, అమెరికా దేశాధ్యక్షుడు రూజువెల్టునకు ఒక కానుక నిచ్చెను. అది రత్నహారము కాదు, పట్టువస్త్రము కాదు, ఖడ్గము కాదు. అది యొక రేవుయొక్క నమూనా. చేతిపనివారు చిన్నదిగా జేసిన బొమ్మరేవు. రూజువెల్టు తనకు వచ్చిన కానుకలను, తన కాగితములను భద్రపఱుపుటకై హైడ్‌పార్కు అను తన స్వగ్రామమున 1941వ సంవత్సరముననే యొక గ్రంథాలయమును తెఱపించియుండెను. ఒక రాజ్యాధినేత మఱియొక రాజ్యాధినేతకు బొమ్మ నిచ్చుట యేమి? దానిని గ్రహింపవలెనన్న మొదట ఆ రేవు సంగతి తెలియవలెను.

1942వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీని మిత్రరాజ్యముల సైన్యము ఫ్రాన్సు తీరమునందలి దియెప్ అను రేవుపట్టణముపై దాడి చేసెను. పోయినవారు సుమారు 6,000 మంది. వారిలో అధికులు కెనడా దేశస్థులు. ప్రొద్దు తిరుగునప్పటికి వారిలో సగమునకు పైగా చచ్చిరి, గాయపడిరి, లేదా బందీలైరి. శత్రువు రేవులను కోటలవలె కాచుకొనియున్నాడని దీనివలన దెలిసెను. రేవు చిక్కనిదే వేలకొలది మందికి తిండియు, మందుగుండును, బండ్లును దింపుట యెట్లు? రేవును పట్టుకొనుట సాధ్యము కానిచో రేవును వెంటబెట్టుకొని పోవుటయే యుపాయమని కొందఱు తలచిరి.

ఈ యూహ వినగానే నవ్వు వచ్చును. చెఱువుకట్టను బండికెత్తి వేఱొక యూరికి తోలుకొనిపోదమన్నట్లున్నది. కాని చర్చిలు ఇట్టి యాలోచనను మొదటి యుద్ధకాలముననే, 1917లో, ఒక పత్రమున వ్రాసియుండెను. 1942వ సంవత్సరము మే నెలలో నతడు తన యధికారులకు ఆజ్ఞ యొకటి పంపి, ఆటుపోట్లతో గూడ లేచి దిగెడు రేవుకట్టలను సిద్ధపఱుపుడనియు, వాదములతో కాలము పుచ్చవలదనియు చెప్పెను.

1943వ సంవత్సరము ఆగస్టులో నతడు క్వెబెక్ నగరమున జరుగు సభకు క్వీన్ మేరీ యను నోడపై బోవుచుండగా జరిగిన ముచ్చట యొకటి కలదు. బెర్నల్ అను శాస్త్రజ్ఞుడు సేనాపతులను ఓడలోని స్నానపుగదికి పిలిచి, తొట్టిలో నీరు నింపి, కాగితపు పడవలను వదలి, ఒకనిచేత చేతితో నలలను పుట్టింపజేసెను. పడవలు మునిగెను. తరువాత గాలి నింపిన ప్రాణరక్షక కవచమును చుట్టును బెట్టించి మరల నలలు పుట్టింపగా లోపలి పడవలు కదలక నిలిచెను. ఏండ్లు మీఱిన సేనాధిపతులు పిల్లలవలె తొట్టిచుట్టు నిలిచి చూచిరట. కావున ఆ రేవు బొమ్మతోనే పుట్టి బొమ్మగానే కానుక యైనది.

ఇక దాని నిర్మాణము. మన మాటలలో చెప్పెదను. రేవునకు మూడు వస్తువులు కావలెను. మొదటిది, అలల నాపు కట్ట. రెండవది, ఓడ యాగి సరకు దింపు దిమ్మ. మూడవది, దిమ్మనుండి యొడ్డునకు బాట.

అలల నాపుటకు మొదట సుమారు 60 పాతయోడలను వరుసగా దెచ్చి ముంచివేసిరి. తరువాత కాంక్రీటు పెట్టెలను ముంచిరి. ఈ పెట్టెలలో పెద్దవి 200 అడుగుల పొడవు, 60 అడుగుల యెత్తు గలిగి, ఒక్కొక్కటి 6,000 టన్నుల బరువుండెను. ఇట్టివి చిన్నవి పెద్దవి కలసి 140కి పైగా కట్టబడెను. లోపల బోలుగా నుండుటచేత నివి తేలును. చిన్న పొగయోడలు వీనిని త్రాళ్ళతో నీడ్చుకొనిపోయి, చోటు చేరినతోడనే తూములు తెఱచి నీరు లోనికి విడువగా అడుగంటి కూర్చుండును.

దిమ్మ సంగతి మఱింత చిత్రము. ఆ నార్మండీ తీరమున సముద్రము దినమునకు రెండుమారులు పొంగి తగ్గును. ఎక్కువ తక్కువల భేదము 20 అడుగులకు మించును. అట్టిచోట స్థిరమైన దిమ్మ పనికిరాదు. కావున దిమ్మకు నాలుగు మూలల నాలుగు ఇనుపకాళ్ళ నమర్చి, కాళ్ళు నేలలో నాటియుండగా దిమ్మ మాత్రము నీటితో పైకి లేచి క్రిందికి దిగునట్లు చేసిరి. అక్కడనుండి యొడ్డువఱకు తేలెడు గుండ్లపై ఇనుపవంతెనల బాట వేసిరి. బెక్కెట్ అను నింజనీయరు ఆ బాటను, అది కొట్టుకొనిపోకుండ పట్టియుంచు లంగరును గల్పించెను.

ఈ సమస్తమునకు పెట్టిన మాఱుపేరు మల్బరీ. పట్టుపురుగులకు మేతయగు చెట్టు పేరే యది. సిరిసిల్ల నేతగాండ్రు ఆ పేరు విని సంతోషింతురుగాక. పట్టుపురుగు వలెనే యీ పనియు గుట్టుగా సాగినది. దాదాపు 40,000 మంది కూలీలు కొలదినెలలలో నీ పెట్టెలను గట్టిరి. తాము కట్టునది యెందులకో వారిలో పెక్కండ్రకు తెలియదు.

1944వ సంవత్సరము జూన్ 6వ తేదీని సైన్యములు నార్మండీలో దిగెను. వెంటనే రెండు రేవులను గూర్పసాగిరి. ఒకటి సెంలోరాన్ యొద్ద అమెరికావారిది, మఱియొకటి అరోమాంష్ యొద్ద ఆంగ్లేయులది. జూన్ 19వ తేదీని పెనుగాలి లేచి నాలుగు దినములు వీచెను. అమెరికావారి రేవు చెడిపోయెను. దానిని విడిచిపెట్టి, పనికివచ్చు భాగములను దెచ్చి ఆంగ్లేయుల రేవును బాగుచేసికొనిరి. ఆ రెండవ రేవు మఱికొన్ని నెలలు పనిచేసెను.

ఇచ్చట నొక్క విషయమును మఱుగుపఱుపరాదు. రేవు పోయిన పిమ్మట అమెరికావారు ఆటు సమయమున ఓడలను ఇసుకపైనే కూర్చుండబెట్టి, తిన్నగా సరకు దింపి, అనుకొన్నదానికంటె నెక్కువ దింపగలిగిరి. అంత శ్రమయు, అంత ద్రవ్యమును రేవునకు వెచ్చింపవలసియుండెనా యని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. రేవు చేతిలో నున్నదన్న ధైర్యము లేనిదే ఆ తీరమున దిగుటకు సాహసించి యుండరని కొందఱందురు. రెండు వాదములయందును బలము గలదు.

ఇప్పుడు కానుక సంగతికి వత్తము. చర్చిలు ఇచ్చిన బొమ్మలో గాలివాన లేదు. బొమ్మలో కట్టలు విఱుగవు, ఓడలు మునుగవు. చక్కగా గట్టిన రేవు చక్కగా నిలిచియుండును. ఆ కానుక మాటాడగలిగినచో, “ఈ జయములో మా బుద్ధియు మా చేతులును గలవు, మఱవకుడు” అని యనెడిదని నాకు దోచును. ఆ నాటికి అమెరికా బలము పెరుగుచుండెను, ఆంగ్లేయుల బలము తఱుగుచుండెను. బలము తఱుగువాడు జ్ఞాపకము నిచ్చును. ఇది లోకరీతి.

రాజ్యముల నడుమ నిట్టి కానుకలు పూర్వమునుండి గలవు. 1880లో విక్టోరియా రాణి, రెజొల్యూట్ అను పాత యోడ కొయ్యతో వ్రాతబల్ల చేయించి అమెరికా యధ్యక్షునకు బంపెను. 2024వ సంవత్సరము సెప్టెంబరులో భారత ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అమెరికా యధ్యక్షుడుగా నుండిన బైడెనునకు వెండి రైలుబండి నమూనా నిచ్చెను. దానిపై ఢిల్లీ, డెలావేర్ అను రెండు పేర్లుండెను. డెలావేర్ బైడెనుయొక్క స్వరాష్ట్రము. అనగా మీ యూరికిని మా యూరికిని బాట గలదని చెప్పుట. మన యాలయములలో సంతానము గోరి చిన్న యూయెలను గట్టుట, కన్నుల రోగము పోవుటకై వెండి కన్నుల నర్పించుట మనకు తెలిసినవే. చిన్న వస్తువు పెద్ద కోరికను మోయును. సిరిసిల్లలో అగ్గిపెట్టెలో నిముడు చీరను నేసినవా రున్నారు. దానిని గట్టుకొనుటకు కాదు, మగ్గము శక్తిని చూపుటకే నేసిరి.

ఓడలను ముంచి రేవు గట్టుట మన తెలుగుదేశమునను నార్మండీకంటె ముందే జరిగినది. విశాఖపట్టణపు రేవు 1933లో తెఱవబడెను. ఆ తీరము వెంబడి ఇసుక నిరంతరము కదలుచు రేవు ముఖద్వారమును బూడ్చుచుండును. దాని నాపుటకై డాల్ఫిన్ నోస్ అనబడు కొండ దాపున రెండు పాతయోడలను ముంచి అడ్డుకట్టగా జేసిరి. వానిని జూచియే నార్మండీవారు నేర్చిరని నేననను. అక్కరయొక్కటైనచోట ఉపాయము నొక్కటియే తోచును. 1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీని జపానువారి విమానములు ఆ విశాఖ రేవుపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. విశాఖ రేవునకు యుద్ధమును దెలియును, ముంచిన యోడలును దెలియును. కాని దాని బొమ్మను ఏ రాజు ఏ రాజునకును కానుకగా నిచ్చిన కథ వినము. గెలిచినవాని పనికే బొమ్మ లేర్పడును.

యుద్ధము ముగిసినపిమ్మట ఆ కాంక్రీటు పెట్టెలేమైనవి? ఈ ప్రసంగములో నాకు మిక్కిలి ప్రియమైన భాగ మిదియే. 1953వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవారుజామున ఉత్తరసముద్రము పొంగి హాలండు దేశపు కట్టలను దెంచెను. ఆ దేశమున 1,836 మంది మరణించిరి. గండ్లు ఒక్కటొక్కటిగా పూడ్చిరి గాని ఔవర్‌కెర్క్ అను గ్రామము వద్ద గండి మాత్రము పూడలేదు. ఆటుపోట్లు వచ్చినకొలది అది లోతయ్యెను. గండి పూడ్చుట యెంత కష్టమో కట్ట తెగిన రాత్రి గంపతో మట్టి మోసిన మనవారికి నేను చెప్పనక్కఱలేదు. తుదకు నార్మండీకై కట్టిన జాతివే యైన నాలుగు పెద్ద పెట్టెలను దెచ్చి, నీరు నిలకడగా నుండు గడియ చూచి, ఆ గండిలో ముంచిరి. నవంబరు నెల 6వ తేదీ రాత్రి గండి మూసికొనెను. నేడు ఆ నాలుగు పెట్టెల కడుపులోనే వరదలను గూర్చిన ప్రదర్శనశాల యున్నది. మృతుల పేర్లు అందు గలవు.

అధినేతకిచ్చిన బొమ్మకంటె, గండిలో గూర్చుండి యూళ్ళను గాచిన యీ పెట్టెలే గొప్ప కానుకయని నా మనవి. మొదటిది జయమును జ్ఞాపకము చేయును. రెండవది నష్టమును జ్ఞాపకము చేయును. రెండును కావలెను. కాని మొదటిదానిని చేయించుటకు ప్రభువులుందురు. రెండవదానిని మనమే చేసికొనవలెను.

ఇంక మానేటి యొడ్డునకు వత్తము. మన సిరిసిల్ల జిల్లాలో మన్వాడ యొద్ద మధ్యమానేరు జలాశయము గట్టబడెను. 2016వ సంవత్సరము సెప్టెంబరులో, పని ముగియకమునుపే, వరదకు కట్ట కొంతమేర తెగిపోయెను. మరల గట్టిరి. 2018, 2019 సంవత్సరములలో నీరు నిలిచెను. 25 టి.ఎం.సి.లకు మించిన నీటిని పట్టు పెద్ద జలాశయమది. పొలములకు దానివలన మేలు గలదు. దానిని నేను కాదనను. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చీర్లవంచ, అనుపురం, రుద్రవరం, సంకెపల్లి మొదలగు నూళ్ళ ప్రజలు దానికొఱకు ఇండ్లు విడిచి క్రొత్త కాలనీలకు బోయిరి.

అట్టి కాలనీ యొకదానిలో నా పూర్వశిష్యుని యింటికి నేనొకప్పుడు వెళ్ళితిని. వాని తండ్రి అరుగుపై గూర్చుండి, చేతికఱ్ఱతో దుమ్ములో గీతలు గీయుచు మనుమనికి చెప్పుచుండెను. “ఇది హనుమాండ్ల గుడి బిడ్డా, ఇది పెద్దబాయి, ఇది చింతచెట్టు, ఇటు పోతే మన పెరడు.” పిల్లవాడు శ్రద్ధగా వినుచు, “మరి మనిల్లేది తాతా?” యని యడిగెను. ఆ పెద్దమనిషి కఱ్ఱ నెత్తి రెండుచోట్ల పెట్టి చూచెను. తుదకు నాతట్టు తిరిగి, “ఏమోనయ్యా పంతులు, గల్లీ లెక్క తప్పుతున్నది” అనెను. అంతలో గాలి వచ్చి ఆ గీతలను జెఱిపివేసెను.

నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పితిని. దూరదేశముల నదులను, రాజధానులను పిల్లలచేత వల్లె వేయించితిని. మా యూరి పటమును గీయుమని యొక్కనాడైన నొక్క పిల్లవానికి చెప్పలేదు. ఊరు పోవునని యెవ్వరనుకొందురు? ఆ తప్పు నాది. అందువలననే యీ ప్రసంగమున కియ్యకొంటిని.

పెద్దలారా, నా ప్రార్థన యిది. మునిగిన యూళ్ళలో పుట్టి పెరిగి, గల్లీ గల్లీ జ్ఞాపకమున్న వారిలో పెక్కండ్రు నేడు డెబ్బది దాటినవారు. వారుండగానే ఆ యూళ్ళకు నమూనాలు చేయింపుడు. దీనికి శిల్పులు అక్కఱలేదు. ఒక యంగుళమునకు ఏబది యడుగుల లెక్కన, రెండువేల యడుగుల పొడవుగల యూరు గజముకంటె నించుక పెద్దదగు బల్లమీద నిముడును. కుమ్మరి మట్టి, వెదురుబద్దలు, పాత రెవెన్యూ పటము, నలుగురు వృద్ధులు, పదిమంది బడిపిల్లలు చాలును. వృద్ధులలో నొక్కరు మఱచినది మఱియొక్కరు చెప్పుదురు. వాదము వచ్చినచో మంచిదే, వాదములోనే నిజము తేలును.

రెండు నియమములను మాత్రము పాటింపుడు. మొదటిది, గుడియు, దొరగారి గడియు, సర్పంచు మేడయు జేసి యూరైనదని తలపవలదు. ఊరికి దూరముగా నుండిన వాడలను, వారు నీరు తోడుకొనిన వేఱు బావిని గూడ నున్నవి యున్నచోటనే పెట్టుడు. ఎవరి నెచ్చట నుంచితిమో మన మనుమలు చూడవలెను. రెండవది, గాలివానను విడువకుడు. కట్ట తెగిన చోటు, ఎండిన బావి, దుబాయికి బోయి తిరిగి రాని వాని యిల్లు, ఇవియు గుర్తింపబడవలెను. చర్చిలు బొమ్మలో లేనిది మన బొమ్మలో నుండవలెను.

ఊళ్ళు మునుగని జగిత్యాల, కోరుట్ల ప్రాంతములవారు ఇది తమకు సంబంధింపదని యనుకొనవలదు. ఊరు నీటిలోనే మునుగవలెనని లేదు. మీ బాల్యమున నుండిన కుంటలలో నెన్ని ఇంకను మత్తడి దూకుచున్నవో, ఎన్ని ఇండ్ల స్థలములైనవో యొక్కసారి లెక్కింపుడు.

నమూనా సిద్ధమైనపిమ్మట దానిని మంత్రులకును, అధికారులకును కానుకగా నీయవలదు. కాలనీ బడిలో, పిల్లల చేతి కందునంత యెత్తులో నుంచుడు. మఱియొక పిల్లవాడు, “మనిల్లేది తాతా?” యని యడిగినప్పుడు, తాత లేకపోయినను ఆ బల్ల చెప్పవలెను.